లెక్కల టీచర్‌కి తోడు ఎలా దొరుకుతుంది?

ప్రశ్న:
మా బళ్లో లెక్కలు చెప్పేది నేనొక్కదాన్నే. ఏటా పిల్లలది అదే తప్పు: 1/2 + 1/3 = 2/5. దీని గురించి మాట్లాడుకోవడానికి ఎవరూ లేరు. నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో చేరాను, పాఠం ఊసే ఉండదు. మీరు మీ వాళ్లని ఎలా వెతుక్కున్నారు?

జవాబు 1:
మేడమ్, మూడు గ్రూపులు వదిలేయండి. మిగిలినదాంట్లో ఆ నోటుబుక్కు పేజీ ఫొటో పెట్టండి, పిల్లల పేరు మాత్రం కనపడనివ్వకండి. "భిన్నాలు ఎలా చెప్పాలి?" అంటే ఎవరూ పలకరు. "ఈ పిల్ల ఇలా ఎందుకు రాసింది?" అని అడగండి, పలుకుతారు. అలా దొరికిన ముగ్గురితో ఆరేళ్లుగా మాట్లాడుతున్నాను. నాకు ఆ ముగ్గురే చాలు.

జవాబు 2:
జపాన్ టీచర్ల 'లెసన్ స్టడీ' చూడండి. కొందరు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో గమనిస్తారు, తర్వాత అందరూ కూర్చుని పాఠాన్ని దిద్దుతారు. తోడు లెక్కల టీచరే కానక్కర్లేదు. నా క్లాసులో వెనక కూర్చునేది మా సైన్స్ మేడమే.

ప్రశ్న అడిగినవారు:
ఫొటో పెట్టాను. ఒకావిడ రాశారు: "2/5 సగం కంటే తక్కువ కదా. సగానికి ఇంకొంత కలిపితే తగ్గిందేమిటని పిల్లల్నే అడిగారా?" ఇన్నేళ్లలో నాకు తట్టలేదండీ. రేపు మొదటి పీరియడ్‌లోనే అడుగుతాను.