ఎక్కదు, మరిగాడు: మందు చుట్టూ మన మాటలు

మందు తాగేది మనిషే. తాగాక మాత్రం మన వాక్యంలో కర్త మారిపోతుంది. కైపు ఎక్కుతుంది, నిషా దిగుతుంది. పాము విషానికీ ఇవే క్రియలు. వీటిలో నన్ను కలవరపెట్టే మాట ‘ఎక్కదు’. పెళ్లిళ్లలో షామియానా వెనక వినే ఉంటారు: “మా బావకి ఫుల్ బాటిల్ కొట్టినా ఎక్కదు!” చెప్పేవాడి గొంతులో గర్వం, బావ ముఖంలో చిన్న నవ్వు. దీన్ని మెచ్చుకోలుగా వాడటం, ‘తాగుబోతు’ అని ఎవరినైనా అనడం, రెండూ మానేయాలని నా గట్టి అభిప్రాయం.

శాన్ డియాగోలో మార్క్ షకిట్ అనే మానసిక వైద్యుడు ఇరవై ఏళ్ల ప్రాయంలోని యువకులకు కొలిచి మందు ఇచ్చి, ఎవరికి ఎంత ఎక్కుతోందో చూశాడు. దాదాపు పదేళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ కలిశాడు. 1994లో వచ్చిన ఫలితం ఇది: తాగుడుకు బానిసైన తండ్రుల కొడుకుల్లో, అంతగా ఎక్కనివాళ్లలో 56 శాతం మంది వ్యసనపరులయ్యారు. బాగా ఎక్కినవాళ్లలో 14 శాతమే.

ఇద్దరు స్నేహితులు ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారనుకోండి. ఒకడికి రెండో పెగ్గుకే తల తిరిగి, కడుపులో తిప్పి, వెళ్లి పడుకుంటాడు. రెండోవాడికి అదే హుషారు రావాలంటే నాలుగు కావాలి. ఏళ్ల తరబడి ఆ నాలుగూ పడుతూ ఉంటే మెదడు ఊరుకోదు. మందు తనని మందగింపజేస్తోంది కాబట్టి తన వైపు నుంచి ఉద్రేకం పెంచుకుంటుంది. ఒక పూట మందు పడకపోతే ఆ ఉద్రేకమే మిగులుతుంది. చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఒక్కోసారి ఫిట్స్, లేనివి కనిపించడం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షాపులు మూతపడ్డాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి వాళ్లు ఎంతోమంది వచ్చారు.

*వ్యాఖ్య:* బాగుందండీ. మరి ‘తాగుబోతు’ సంగతి? తిండిబోతు, వాగుబోతు, తిరుగుబోతు... ఈ వరుసంతా స్వభావాన్ని చెప్పేదే. వంశంలో వచ్చేదైతే ఆ మాట తప్పెలా అవుతుంది?

*జవాబు:* వంశం పాత్ర ఉంది, కాదనను. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, తాగుడుకు బానిసయ్యే ముప్పులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం జన్యువుల వల్లే. కానీ వచ్చేది గుణం కాదండీ. చైనా, జపాన్, కొరియాల్లో చాలామందికి మందులోంచి పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ సరిగ్గా పనిచేయదు. కొద్దిగా తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. వాళ్లలో వ్యసనం బాగా తక్కువ. అది నిగ్రహమా? ఒంటి తీరు. మన దగ్గర ఆ మార్పు అరుదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసేది ఆ ఎంజైమ్‌ను అడ్డుకోవడమే. మిగతా సగంలో ఏ వయసులో మొదలుపెట్టాడు, చిన్నప్పుడు ఏం పడ్డాడు, చుట్టూ ఎవరున్నారు, షాపు ఎంత దగ్గర అన్నవన్నీ ఉంటాయి. తండ్రి తాగి తాగి పోయినా, కొడుకులు చుక్క ముట్టని ఇళ్లు మనందరికీ తెలుసు.

*వ్యాఖ్య:* మా కరీంనగర్ వైపు ‘కల్లు మరిగిండు’ అంటరు. రక్తం మరిగిన పులి అన్నట్టే.

*జవాబు:* అన్నా, ఈ మాట ఇచ్చినందుకు చాలా థాంక్స్. ఇంత చక్కటి తెలుగు క్రియ ఉండగా మనం ‘అడిక్ట్ అయ్యాడు’ అంటున్నాం. మరగడానికి సమయం పడుతుంది. మరగక ముందు ఆ మనిషి వేరేలా ఉండేవాడని కూడా ఆ మాటలో తెలుస్తుంది. ‘తాగుబోతు’లో ఆ ముందు మనిషి కనిపించడు, అందుకే దాన్ని ఎవరి మీదా వాడను.

*వ్యాఖ్య:* ‘వ్యసనం’ అంటే పాత తెలుగులో దుఃఖం కూడా. తెలుగు బైబిల్లో, మత్తయి 19వ అధ్యాయంలో ధనవంతుడైన యువకుడు “వ్యసనపడుచు వెళ్లిపోయెను” అని ఉంటుంది.

*జవాబు:* అవునండీ, బ్రౌన్ నిఘంటువులోనూ ఆ అర్థం ఉంది. దిగులు, ఆందోళన ఉన్నవాళ్లు మందులో ఊరట వెతుక్కోవడం, మందు ఆ దిగులును ఇంకా పెంచడం రెండూ జరుగుతాయి.

*వ్యాఖ్య:* చర్చకు సంబంధం లేదేమో గానీ అడుగుతున్నాను. మా మామయ్య రోజూ పొద్దున్నే మొదలుపెడతాడు. సీసాలన్నీ పారబోసి, ఆయన్ని గదిలో పెట్టి తాళం వేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు.

*జవాబు:* సంబంధం లేకపోవడమేంటమ్మా! దయచేసి అలా చేయనివ్వకండి. పొద్దున్నే పడితే గానీ చేతులు నిలవని స్థితిలో ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణాల మీదికి రావచ్చు. ముందు డాక్టర్‌కు చూపించండి, వణుకు తగ్గడానికి మాత్రలు ఇచ్చి కనిపెట్టుకుంటూ మాన్పిస్తారు. 14446 ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఈరోజే ఫోన్ చేయండి.