స్వీటు డబ్బా ఉండాల్సిన చోటికి డైరీ మిల్క్ ఎలా వచ్చింది?

ఆత్రేయపురం అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. మాది ఆత్రేయపురం. అమ్మ, పిన్ని పూతరేకులు చేస్తారు, ఆర్డర్లూ పార్సిళ్లూ నేను చూసుకుంటాను. మొన్న రాఖీకి, అదీ రేకులు తీసే ఇళ్ల మధ్యనే, చెల్లెళ్లు రాఖీ కట్టి అన్నల నోట్లో పెట్టింది డైరీ మిల్క్ ముక్క. నాకు చాలా బాధేసింది. మా చిన్నప్పుడు చాక్లెట్ అంటే పుట్టినరోజుకి స్కూల్లో పంచేది, అంతే. పరీక్ష పాసైనా, సంబంధం కుదిరినా, కొత్త బండి కొన్నా స్వీటే తెచ్చేవాళ్లు. మా పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, పేరుకి లోటు లేదు. మరి బయటి నుంచి వచ్చిన చాక్లెట్ మన పండగల్లోకి ఎలా వచ్చి కూర్చుంది? అంతా టీవీ ప్రకటనల మహిమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, మాకు నిజంగా పనికొస్తుంది.

కాకినాడ కాజా:

నేను పన్నెండేళ్లుగా ప్రకటనల రంగంలో ఉన్నానండి, నాకు తెలిసింది చెబుతాను. ప్రకటనల వల్లే, కానీ ఒక్క రోజులో జరగలేదు.

జాన్ క్యాడ్‌బరీ 1824లో బర్మింగ్‌హామ్‌లో టీ, కాఫీ, తాగే చాక్లెట్ అమ్మే కొట్టు పెట్టాడు. ఆయన కుటుంబం క్వేకర్లు, అంటే మద్యాన్ని వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు, కాబట్టి సారాకి బదులు జనం ఇలాంటివి తాగాలని వాళ్ల కోరిక. డైరీ మిల్క్ బార్ వచ్చింది మాత్రం 1905లో. అప్పట్లో పాల చాక్లెట్ అంటే స్విట్జర్లాండ్ వాళ్లదే పైచేయి, వాళ్లని దాటాలని వీళ్లు పాలు ఎక్కువ పోసి చేశారు. గ్లాసున్నర పాలు అన్న మాట 1928లో ప్రకటనల్లోకి వచ్చింది, ఆ గ్లాసుల బొమ్మ రేపర్ మీద ఈనాటికీ ఉంది చూడండి. చాక్లెట్ గురించి చెప్పకుండా పాల గురించి చెప్పారన్నమాట, పాలంటే అమ్మలకి నమ్మకం కదా.

మన దేశంలోకి 1948లో వచ్చారు. చాలాకాలం ఇక్కడ కూడా అది పిల్లల వస్తువే, అమ్మానాన్నలు కొనిపెడితే పిల్లలు తినడమే. అసలు మలుపు 1994 ప్రకటన. బ్యాటర్ సిక్స్ కొడితే ఒకమ్మాయి చాక్లెట్ చేత్తో పట్టుకుని, కాపలా మనిషిని తప్పించుకుని, గ్రౌండ్‌లోకి దూకి డాన్స్ చేస్తుందే, అది. పెద్దవాళ్లు కూడా సిగ్గుపడకుండా తినొచ్చని చెప్పింది అదే. 2021లో మళ్లీ తీశారు, ఈసారి ఆడేది అమ్మాయి, గంతులేసేది అబ్బాయి.

2003 అక్టోబర్‌లో, సరిగ్గా దీపావళి ముందు, మహారాష్ట్రలో బార్లలో పురుగులు కనిపించాయి, అమ్మకాలు బాగా పడిపోయాయి. కంపెనీ రేపర్ మార్చి గట్టిగా సీల్ చేయడం మొదలుపెట్టింది, అమితాబ్ బచ్చన్‌ని తెచ్చింది. ఆ తర్వాతే 'కుచ్ మీఠా హో జాయే', అంటే కాస్త తీపి తిందాం అన్నారు. మీరడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుందండి. వాళ్లు పోటీ పెట్టుకున్నది ఇంకో చాక్లెట్‌తో కాదు, మిఠాయితో. జీతం వచ్చిన రోజు తినండి, పరీక్ష పాసైతే తినండి అన్నారు. 2010లో 'శుభ్ ఆరంభ్' అని, మంచి పనికి ముందు తీపి తినమన్నారు. పరీక్షకి వెళ్లేముందు మన అమ్మమ్మలు పెరుగు పంచదార నోట్లో పెట్టేవాళ్లు, గుర్తుందా? ఆ చేతిలోకే చాక్లెట్ ఇచ్చారు. కొత్త అలవాటు నేర్పలేదు, ఉన్న అలవాటులో వస్తువు మార్చారు, అంతే.

రావులపాలెం కిరాణా:

పై గారు ప్రకటనల సంగతి బాగా చెప్పారు కానీ కొట్లో కూర్చున్నవాడికి ఇంకోటి కనిపిస్తుందండి. ఐదు రూపాయలకి డైరీ మిల్క్ దొరుకుతుంది. చేతిలో ఐదుంటే పిల్లాడు కొంటాడు, వందుంటే వాళ్ల నాన్న పెద్దది కొంటాడు. ఐదు రూపాయలకి మీ పూతరేకు దొరుకుతుందా? మొత్తం డబ్బా కొనాల్సిందే.

రెండోది ఫ్రిజ్. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మన మే నెల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందుకే కంపెనీలే కొట్లకి అద్దాల కూలర్లు ఇస్తాయి, చాక్లెట్ చల్లగా ఉంటుంది, వచ్చినవాళ్ల కంటికి ఎదురుగానూ ఉంటుంది. ఒక్కోసారి కరెంటు పోయి మెత్తబడి మళ్లీ గట్టిపడితే పైన తెల్లగా పూత కడుతుంది, బూజు పట్టిందని తెచ్చి ఇచ్చేస్తారు. బూజు కాదండి, లోపలి కొవ్వు పైకి తేలడం. తింటే ఏమీ కాదని చెప్పినా ఎవరూ నమ్మరు, నేను మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చేస్తాను.

అంబాజీపేట తోట:

అమ్మాయిగారూ, బయటి నుంచి వచ్చింది అన్నారు కదా, ఆ మాట దగ్గర ఆగానండి. మా కొబ్బరి తోటలో అంతర పంటగా కోకో ఉంది. దానికి నీడ కావాలి, కొబ్బరి కింద బాగా వస్తుంది. కాయ కొమ్మల చివర కాదు, కాండం మీదే కాస్తుంది. ఉడతలూ ఎలుకలూ వదిలినవి కోసి, పగలగొట్టి, తెల్ల గుజ్జుతో సహా గింజల్ని ఐదారు రోజులు పులియబెట్టి, మధ్యలో తిరగేస్తూ, తర్వాత ఎండబెడతాం. ఈ పులియబెట్టడం సరిగ్గా లేకపోతే ఆ చాక్లెట్ వాసన రానే రాదు. ఇప్పుడు దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రలోనే, అందులోనూ గోదావరి జిల్లాల్లోనే. క్యాడ్‌బరీ ఇప్పుడు మాండెలీజ్ కంపెనీ చేతిలో ఉంది, వాళ్ల ఫ్యాక్టరీ 2016 నుంచి శ్రీసిటీలో నడుస్తోంది. అంటే మన గింజ, మన రాష్ట్రంలో ఫ్యాక్టరీ.

కానీ రేటు మన చేతిలో లేదు. ఐవరీ కోస్ట్, ఘనాల్లో పంట దెబ్బతిని 2024 డిసెంబర్‌లో ప్రపంచ ధర టన్ను 12,000 డాలర్లు దాటింది. ఆ ఏడాది మంచి ధర చూశాం, తర్వాత పడిపోయింది. గింజలు ఎండబెట్టి తీసుకెళ్తే కొనేవాళ్లు తేమ ఉందని, సైజు చిన్నదని వెనక్కి పంపేశారు, ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం తినలేదండి. రేపర్ మీద గ్లాసు పాలు గీశారు, చెట్టు గీయలేదు. అదే నా బాధ. మీరు పూతరేకు కవర్ మీద మీ అమ్మగారు రేకు తీస్తున్న బొమ్మ వేయించండి, చేసేవాళ్లెవరో కొనేవాళ్లకి తెలియాలి.

ఆత్రేయపురం అమ్మాయి:

చాలా థాంక్సండి అందరికీ. మన తోటల్లో పండేదని నాకు ఇంతవరకూ తట్టలేదు, అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కిరాణా గారు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను. ఒక్కొక్క రేకు విడిగా సీల్ చేసి కొట్లో పెట్టొచ్చేమో అంటోంది. గాలి తగిలితే రేకు మెత్తబడిపోతుంది, అదొక్కటే టెన్షన్. చిన్న సీలింగ్ మెషిన్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఏ కవరు పట్టుకుంటుందో చెప్పరూ? తోట గారూ, వచ్చే కోతకి మీ గింజలు రెండు కిలోలు నాకు కావాలండి, రేటు మీరే చెప్పండి.