కళ్లు తెరవని తాబేటి పిల్ల: ఇంజెక్షన్ వేయించవచ్చా?

బ్రాడీపేట నాన్న (గుంటూరు):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పట్టుబట్టడంతో సెప్టెంబరులో ఒక తాబేటి పిల్లను కొన్నాము. కంటి వెనుక ఎర్రటి చార, మెడ మీద పసుపు గీతలు ఉన్న నీటి తాబేలు. డిప్ప పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు. అమ్మినవారు మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న తొట్టిని, ఒక డబ్బా ఎండు రొయ్యలను చేతికిచ్చి, రోజుకు నాలుగు రొయ్యలు వేసి రెండు రోజులకొకసారి నీరు మారిస్తే చాలునన్నారు. మేమూ అలాగే చేస్తూ వచ్చాము. సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చేసరికి దాని కళ్లు రెండూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. తొమ్మిది రోజులుగా ఏమీ తినలేదు, నీటిలో ఒక పక్కకు ఒరిగిపోతోంది, ముక్కు దగ్గర అప్పుడప్పుడు బుడగలు కనిపిస్తున్నాయి. తొట్టి కిటికీ అద్దం పక్కనే ఉంది కనుక ఎండకు లోటు లేదనుకుంటున్నాను. మందుల షాపులో మనుషుల కంటి చుక్కలు ఇచ్చారు. కుక్కలకు సూదులు వేసే ఒకాయన పురుగులకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇస్తానంటున్నారు. మా అత్తగారేమో కృష్ణలో వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుందంటున్నారు. ఏం చేయమంటారు?

కాలువగట్టు (విజయవాడ):

అన్నిటికంటే ముందు ఆ ఇంజెక్షన్‌ను ఆపించండి. ఐవర్‌మెక్టిన్ కుక్కలకు, పశువులకు మామూలుగా వాడే మందే అయినా తాబేళ్లకు విషం. కాళ్లు చచ్చుబడి, ఊపిరాడక చనిపోతాయి. మీరు ఇంకేమీ చేయకపోయినా ఫర్వాలేదు గానీ ఆ సూది మాత్రం పడనివ్వకండి. కంటి చుక్కలు కూడా వేయవద్దు, ఎందుకంటే జబ్బు కంటిలో మొదలైనట్టు లేదు.

మీరు చెప్పినదంతా చూస్తే ఇది విటమిన్ ఎ లోపంలా కనిపిస్తోంది. గుడ్డులోని పచ్చసొన నుంచి తెచ్చుకున్న నిల్వతో తాబేటి పిల్ల కొన్ని నెలలు బాగానే నెట్టుకొస్తుంది. ఎండు రొయ్యలలో ఆ విటమిన్ దాదాపు ఉండదు కనుక నిల్వ తరిగిపోయాక కళ్ల దగ్గరి గ్రంథులలోను శ్వాసనాళాలలోను లోపలి పొర మందమై మూసుకుపోతుంది, ఆ తరువాత అక్కడ క్రిములు చేరతాయి. అందుకే చాలామందికి కొన్న మూడు నాలుగు నెలల వరకు ఏ తేడా తెలియదు. తిండి మానేయడానికి కూడా కళ్లే కారణం కావచ్చు, ఎందుకంటే ఈ జాతి ఆహారాన్ని ఎక్కువగా కంటితో చూసే పట్టుకుంటుంది. అయితే ఒరిగి ఈదడం, ముక్కు బుడగలు ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందనడానికి గుర్తులు. అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేలోపు మీరు చేయగలిగినది వెచ్చదనం ఇవ్వడమే. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. నీరు చల్లబడితే అరుగుదల, జబ్బుతో పోరాడే శక్తి రెండూ మందగిస్తాయి. మన వైపు చలి ఏపాటిదని అనిపిస్తుంది గానీ జనవరి రాత్రులలో గచ్చు మీద పెట్టిన చిన్న తొట్టిలో నీరు 20 డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. అక్వేరియం షాపులో దొరికే హీటరు, థర్మామీటరు తెచ్చి నీటిని 27, 28 డిగ్రీల మధ్య నిలపండి. ఆ కొబ్బరిచెట్టు తొట్టిలో హీటరు మునగదు కాబట్టి ప్రస్తుతానికి పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. నీరసంగా ఉన్నది మునిగిపోకుండా నీరు డిప్ప ఎత్తుకు కొంచెం మించితే చాలు. హీటరును అడ్డంగా పడుకోబెట్టి, అది పూర్తిగా మునిగి ఉండేలా, తాబేలు ఒరుసుకోకుండా చూడండి. ఎక్కి ఆరడానికి ఒక ఇటుక పెట్టి, దాని పైన 32 డిగ్రీల వేడి అందేలా బల్బు బిగించండి. కుళాయి నీటిని ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయండి.

కిటికీ సంగతి: ఎముకకు, డిప్పకు కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఆ కిరణాలనిచ్చే ప్రత్యేకమైన బల్బు కొనాలి, లేదా పొద్దుటి ఎండలో సగం నీడ ఉండేలా ఇరవై నిమిషాలు ఉంచి పక్కనే కూర్చోవాలి. నేను ఒకసారి ఫోను తీసుకుందామని లోపలికి వెళ్లి వచ్చేలోపు కాకి వచ్చి టబ్బు అంచున వాలింది.

పశువైద్య విద్యార్థిని:

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మీకు అందుబాటులో గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది; వెళ్లే ముందు ఫోను చేసి, తాబేళ్లను చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. తీసుకువెళ్లేటప్పుడు నీటిలో కాకుండా, గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి గుడ్డ పరచి ఉంచండి. ఇంట్లో వంటగది త్రాసు ఉంటే గ్రాములలో బరువు రాసుకోండి, మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. యాంటీబయాటిక్ సూదిని సాధారణంగా ముందు కాళ్లలో వేస్తారు, ఎందుకంటే వెనుక కాళ్ల నుంచి వచ్చే రక్తం నేరుగా మూత్రపిండాలకు చేరే అవకాశం ఉంది. విటమిన్ ఎ చుక్కలను మాత్రం మీ అంతట మీరు కొని పోయకండి. మోతాదు మించితే చర్మం పొరలుగా ఊడిపోతుంది. బలవంతంగా నోరు తెరిచి తినిపించనూ వద్దు.

ఇంకొక మాట, మీ పాప చేతులు. తాబేళ్లు ఆరోగ్యంగా కనిపిస్తూనే, మనుషులకు జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిములను మోస్తాయి. పిల్లలకు సోకుతున్నందుకే 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లో నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో కడిగించండి, ఆ టబ్బును వంటింటి సింకులో కడగకండి.

రేవు మనిషి:

అత్తగారికి నా మాటగా చెప్పండి: ఇది కృష్ణమ్మ బిడ్డ కాదు, అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతపు జాతి. ఇప్పుడు జబ్బుతో ఉన్నది నదిలో బతకదు. కోలుకున్నాక వదిలితే మన తాబేళ్ల తిండిని, ఎండ కాచుకునే చోట్లను లాక్కుంటుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జాతుల జాబితాలో దీని పేరు కూడా ఉంది. దీనికి తోడుగా ఎవరైనా నక్షత్ర తాబేలునో చెరువు తాబేలునో తెచ్చిస్తే మాత్రం తీసుకోకండి. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జాతులు, ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

బ్రాడీపేట నాన్న (గుంటూరు):

అందరికీ కృతజ్ఞతలు. గన్నవరం వెళ్లి వచ్చాము. బరువు 41 గ్రాములు. నిమ్మేనని చెప్పి, మూడు రోజులకొకటి చొప్పున సూదులు రాశారు. విటమిన్ వారే ఇచ్చారు. రెండో సూది తరువాత ఎడమ కన్ను సన్నగా తెరిచింది, బుడగలు తగ్గాయి, తిండి మాత్రం ఇంకా ముట్టలేదు. కోలుకున్నాక ఏ ఆకుకూరలు పెట్టవచ్చు? ఇంట్లో ఎప్పుడూ ఉండేది గోంగూరే.

కాలువగట్టు (విజయవాడ):

గోంగూర మీరే తినండి. అందులోను పాలకూరలోను ఉండే ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. నీటి తాబేళ్ల కోసం చేసిన గుళికల మేతను ప్రధానంగా పెట్టి, గుమ్మడి తురుము, క్యారెట్ తురుము అలవాటు చేయండి. పిల్ల వయసులో ఆకుల వైపు అంతగా చూడవు, నాలుగైదు సార్లు వదిలేసినా మీరు మానకండి. మేతను నీటిలోనే వేయాలి, గట్టు మీద పెడితే మింగలేదు. కన్ను తెరిచిందంటే రెండు మూడు రోజులలో గుళిక వంక చూస్తుంది. ఈలోగా రోజూ ఒకే వేళకు తూకం వేసి, 41 నుంచి తగ్గుతూ వస్తే తరువాతి సూది రోజు దాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి.