ఫిన్లాండ్ చర్చి మరణ పుస్తకాల్లో అంటురోగాన్ని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (బరంపురం): 1868వ సంవత్సరం పేజీల్లో మరణ కారణం గడిలో వరసగా "నెర్వ్‌ఫేబర్" అనే ఉందండి. టైఫాయిడ్ అనుకోవచ్చా?

జవాబు (పర్లాకిమిడి): అప్పుడే తేల్చేయకండి. టైఫస్‌కీ టైఫాయిడ్‌కీ పాదిరీలు ఆ స్వీడిష్ పేరే రాసేవారు. అది మహా కరువు ఏడాది. తిండి కోసం ఊళ్లు తిరిగిన జనంతోపాటు పేలు, వాటితో టైఫస్ పాకాయి. నెల, వయసు వారీగా లెక్క తీయండి. వసంతంలో పెరిగి, పెద్దవాళ్లూ బాగా పోయుంటే టైఫస్‌నే అనుమానించాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో "రోడ్‌సూట్" కనిపిస్తే రక్త విరేచనాలు. పసిపిల్లలే ఎక్కువైతే మశూచి, తట్టు చూడండి.

జవాబు (రాయగడ): ఖననం తేదీతో లెక్క కట్టొద్దు, చలికాలంలో అది ఆలస్యమయ్యేది. చనిపోయిన తేదీనే తీసుకోండి. అంతకుముందు పదేళ్లలో అదే నెల సగటుతో పోల్చండి. కారణం గడిని మాత్రమే నమ్మితే దెబ్బతింటాం: 1918లో మన గంజాం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇన్‌ఫ్లుయెంజా చావులు చాలావరకు "జ్వరం" కిందే పడ్డాయి.

ప్రశ్న అడిగినవారు: సరేనండి, ముందు నెలవారీ పట్టిక వేస్తాను.