ఫోన్ చూపించి తినిపించాలా, ఆకలేసేదాకా వదిలేయాలా?

బుజ్జిగాడి అమ్మ (హైదరాబాద్):
మా వాడికి రెండున్నరేళ్లు, బరువు 11.4 కిలోలు. పొద్దున సగం ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు ముద్దలు, అంతే. కార్టూన్ పెడితే మాత్రం గిన్నె ఖాళీ. "కడుపు నిండితే చాలు, ఎలా నిండితే ఏం" అంటారు మా అత్తయ్య. ఫోన్ తీసేయ్, ఆకలేస్తే వాడే వస్తాడంటాడు మా ఆయన. మొన్న ఫోన్ ఇవ్వకపోతే ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట అలాగే కూర్చున్నాడు. ఎవరి మాట వినాలి?

గోదారి పిల్ల (కాకినాడ):
అత్తయ్యగారి మాటే. ఎనిమిదింపావుకి ఆఫీసు బస్సెక్కాల్సినదాన్ని, నా దగ్గర అరగంట లేదండీ. అయినా మా అమ్మ చందమామని చూపిస్తూ డాబా అంతా తిప్పి తినిపించేది. అదీ ఏమార్చడమేగా? అప్పుడు లేని తప్పు ఇప్పుడెందుకు?

ఇద్దరి నాన్న (కరీంనగర్):
చందమామకీ ఫోనుకీ పోలికా! అమ్మ మాట్లాడుకుంటూ పెడుతది, పిల్లాడు మూతి తిప్పితే ఆపుతది. ఫోన్ చూసేటోడు ఊరికే నోరు తెరుస్తడు, కడుపు నిండింది కూడా తెల్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: రెండేళ్లలోపు అసలొద్దు, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దని. మూడు పూటలా అరగంట చొప్పున వేసుకుంటే తిండి దగ్గరే గంటన్నర అయితది.

అంగన్‌వాడీ అక్క (నల్గొండ):
ఫోన్ సంగతి తర్వాత. ముందు మధ్యలో ఏం పెడుతున్నావో చెప్పమ్మా. పాలు ఎన్ని తాగుతాడు?

బుజ్జిగాడి అమ్మ:
లేవగానే ఒక గ్లాసు, పదకొండింటికి బిస్కెట్లతో ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు సీసా. చిక్కటి గేదెపాలు. అన్నం తినట్లేదు కదా, పాలన్నా తాగనీ అని. మొత్తం 800 మిల్లీలీటర్లు అవుతాయేమో.

అంగన్‌వాడీ అక్క:
దొరికింది దొంగ. ఆ వయసు పిల్లాడికి రోజంతా కలిపి కావాల్సింది 1,000 నుంచి 1,100 కేలరీలు. మీ గేదెపాలతోనే 800 దాటిపోయాయి, బిస్కెట్లు వేరే. ఇక ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? పాలు 400, 500 మిల్లీలీటర్లకి తగ్గించు, అదీ అన్నం తిన్నాకే. సీసా మానిపించు. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రాలో 63 మందికి కనిపించింది. రక్తం తక్కువైతే ఆకలీ చచ్చిపోతుంది. ఒకసారి టెస్ట్ చేయించు. నులిపురుగుల మందు వేయించావా?

గోదారి పిల్ల:
లెక్క బాగుందక్కా. కానీ పాలు ఆపితే మూడు రోజులు గుక్కపట్టి ఏడుస్తాడు. ఆ ఏడుపు ఎవరు పడతారు? ఆఫీసుకెళ్లే తల్లికి ఆకలి సిరప్ నయం. మా ఇంటి పక్క మెడికల్ షాపులో అడిగితే ఇస్తున్నారు.

ఇద్దరి నాన్న:
సిరప్ జోలికి పోకుండ్రి. వాటిల్లో చాలావరకు సైప్రోహెప్టడిన్ ఉంటది. అసలుకి అలర్జీ మందది, పిల్లలు మగతగా పడుంటరు. డాక్టర్ రాయకుంటే ముట్టొద్దు. మా చిన్నోనికి ఎవరో చెప్పిన్రని పోసినం, బడిలో బల్ల మీదనే పడుకునేది.

అంగన్‌వాడీ అక్క:
11.4 అంటే కాస్త సన్నమే గానీ భయపడేంత కాదు. బరువు తగ్గుతూ పోతే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించు. రెండో ఏడు దాటాక పిల్లలు ఏడాదికి రెండు కిలోలు అటూఇటుగానే పెరుగుతారు. మొదటి ఏడాదిలో ఉన్న ఆకలి ఉండదు.

బుజ్జిగాడి అమ్మ (తొమ్మిది రోజుల తర్వాత):
పదకొండు గంటల పాలు, బిస్కెట్లు ఆపేశాను. మొదటి రెండ్రోజులు ఇల్లు పీకి పందిరేశాడు. నిన్న అత్తయ్య తనకోసం ముద్దపప్పు, నెయ్యి కలుపుకుంటుంటే వచ్చి కంచంలో చెయ్యి పెట్టాడు. సగం చొక్కాకి పూసుకున్నా ఆరు ముద్దలు తిన్నాడు, లెక్కపెట్టాను. మధ్యాహ్నం ఫోన్ లేదు. రాత్రి నేను స్నానానికి వెళ్లగానే అత్తయ్య ఇస్తున్నారు. లోపలికి కార్టూన్ పాట వినపడుతూనే ఉంటుంది, నేనే ఏమీ అనట్లేదు.