1042-ఎస్ వచ్చింది: అమెరికాలో కోసిన పన్ను ఇక్కడ తగ్గించుకోవచ్చా?

రాజమండ్రి కోడలు (ఆగస్టు 2025):
నమస్కారమండీ. అత్తయ్యగారూ నేనూ కలిసి యూట్యూబ్‌లో పచ్చళ్ళ ఛానల్ నడుపుతున్నాం. ఆవిడ కలుపుతారు, నేను తీస్తాను. చూసేవాళ్ళలో సగంమంది డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్ళే. 2024కి 1042-ఎస్ అనే కాగితం వచ్చింది, అమెరికా రాబడి ఎంతో, దాని మీద అక్కడ కోసిన పన్నెంతో చూపేది. రాబడి చూపే 2వ గడిలో 3,120 డాలర్లు, కోసిన పన్ను చూపే 10వ గడిలో 468. మా ఆడిటర్‌గారేమో "బ్యాంకులో పడిందే ఆదాయంగా చూపి ఐటీఆర్-4 వేద్దాం, ఆ 468 వదిలేయమ్మా" అంటున్నారు. ఖర్చులు పోను ఏడాదికి 9 లక్షల దాకా మిగులుతోంది, ఇక్కడా పన్ను కడుతున్నాను. మే ఎండలో మిరపకాయలు ఆరబెట్టి, అర్ధరాత్రి దాకా ఎడిటింగ్ చేసిన డబ్బండీ. ఒకే రాబడికి రెండుచోట్ల కట్టాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

బెజవాడ సీఏ:
వదలొద్దమ్మా. అమెరికాలో కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవడాన్నే క్రెడిట్ అంటారు. అది అడగాలంటే ఐటీఆర్-4 పనికిరాదు. ఐటీఆర్-3 వేసి, అందులో విదేశీ ఆదాయం చూపే షెడ్యూల్ ఎఫ్‌ఎస్‌ఐ, అక్కడ కట్టిన పన్ను చూపే షెడ్యూల్ టీఆర్ నింపాలి. ఆ క్రెడిట్ కోరే ఫారం 67 ఆన్‌లైన్‌లో విడిగా పెట్టాలి. రిటర్న్ కంటే ముందే పెట్టేస్తే మేలు. ఆదాయంగా చూపాల్సింది కోతకు ముందున్న మొత్తం, బ్యాంకులో పడింది కాదు.
ఇక్కడే ఒక చిక్కుంది. 1042-ఎస్ జనవరి నుంచి డిసెంబరు దాకా, మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. కాబట్టి ఆ 468 మొత్తం ఈ 2024-25 రిటర్న్‌లోకి రాదు. 2024 జనవరి-మార్చి కోత తీసేసి, 2025 జనవరి-మార్చి కోత కలపండి. యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతా లావాదేవీల్లో నెలవారీగా కనిపిస్తుంది. ఆ రాబడి మీద ఇక్కడ పడే పన్నెంతో, క్రెడిట్ అంతవరకే. మీది 9 లక్షలు కాబట్టి పన్ను పడుతుంది. 2024-25 లెక్కకు కొత్త విధానంలో 7 లక్షల లోపైతే ఇక్కడ పన్నే ఉండేది కాదు, తగ్గించుకోవడానికీ ఏమీ ఉండేది కాదు.

ఓరుగల్లు వ్లాగర్:
అక్కా, మీకు 15 శాతమే కోశారంటే యూట్యూబ్ కోసం నింపే అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్‌లో భారత్-అమెరికా పన్ను ఒప్పందం గడి సరిగ్గానే పెట్టారు. నేను మొదట్లో ఆ గడి వదిలేస్తే అమెరికా వ్యూస్ మీద 30 శాతం పోయింది. అక్కడ పన్ను నంబరు అడిగితే మన పాన్ నంబరే ఇవ్వాలి. ఆ ఫారానికి గడువుంటుంది, అయిపోకముందే మళ్ళీ నింపండి.

రాజమండ్రి కోడలు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. యాడ్‌సెన్స్ తెరిచి చూశాను, నెలనెలా కోత విడిగానే ఉంది. పన్నెండు నెలలవీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. సోమవారం ఆ పుస్తకం పట్టుకుని ఆడిటర్‌గారి దగ్గరికి వెళ్తున్నాను, ఫారం 67 వేయమని అడుగుతాను. అత్తయ్యగారూ వస్తానన్నారు.