‘బేర్ స్పేస్’ను ఖాళీ జాగా అని రాస్తే తప్పేంది? ఎగ్జిబిషన్ మాటల మీద చర్చ

తాడిపత్రి పాలిష్

ఎగ్జిబిషన్లకు సరుకు తీసుకపోయే వాళ్లు ఈడ చానా మంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. స్టాలు బాడుగ కట్టించుకునేటప్పుడు ఇచ్చే ఫారం, రూల్సు పుస్తకం మనకు తెలుగులో ఇయ్యాలా వద్దా? ఇస్తే ‘షెల్ స్కీమ్’ (గోడలు కట్టి ఇచ్చే స్టాలు), ‘బేర్ స్పేస్’ (వట్టి నేల), ‘ఫేషియా’ (స్టాలు పైన పేరు పట్టీ) లాంటివి తెలుగు అక్షరాల్లో అట్లనే పెట్టాలా, మన మాటల్లోకి మార్చాలా? మార్చాల్సిందే అంటా నేను.

పోయిన ఏడాది బయటి ఊర్లో బిల్డింగ్ మెటీరియల్ ఎగ్జిబిషన్‌కు పోయినాం. ఫోన్లో అబ్బాయి ‘షెల్ కన్నా బేర్ స్పేస్‌కు మీటరు రేటు తక్కువ సార్’ అన్నాడు. తక్కువే కదా అని 18 చదరపు మీటర్లు రాయించుకున్నాం. లారీ దిగి లోపలికి పోయి చూస్తే సిమెంటు నేల మీద సున్నంతో గీసిన నాలుగు గీతలు, అంతే. గోడ లేదు, లైటు లేదు, కుర్చీ లేదు, ప్లగ్గు లేదు. చుట్టూ అందరూ వారం ముందే కాంట్రాక్టరును మాట్లాడుకొని ప్లైవుడ్డుతో కట్టుకుంటున్నారు. మాకు ఒక్క రాత్రి ఉంది.

దానికి తోడు రాయి. పది అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ స్లాబు ఒక్కోటి సుమారు 300 కిలోలు ఉంటుంది. మేము తీసుకపోయినవి పది. గేటు దగ్గర ఆపి ‘ఆన్‌సైట్ హ్యాండ్లింగ్ బుక్ చేసినారా’ అని అడిగినారు. మా హమాలీలు ఉన్నారు, మేమే దింపుకుంటాం అంటే లోపల బయటి మనుషులకు, బయటి ఫోర్క్‌లిఫ్టుకు పర్మిషన్ లేదన్నారు. రాత్రి పదకొండుకు ఫోర్క్‌లిఫ్టు దొరికింది, గంట లెక్కన డబ్బులు కట్టినాం. చలిలో మా నాయన లారీ టైరుకు ఆనుకొని కూర్చున్నాడు. ఆయనకు డెబ్బై ఏండ్లు. ‘ఏంరా, జాగాకు డబ్బులు కట్టినాము కదా, ఇంగ దేనికి’ అని రెండు సార్లు అడిగినాడు.

ఫారంలో ‘ఖాళీ జాగా: నేల మాత్రమే, గోడలు కరెంటు మీవే’ అని ఒక్క ముక్క ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు.

కర్నూలు ఆక్టా

అన్నా, నాయనను అట్ల కూర్చోబెట్టాల్సి రావడం నిజంగా బాధే. కానీ మీ తీర్పుతో నేను కలవను. పదహైదేండ్లుగా హైదరాబాదు, బెంగళూరు హాళ్లలో స్టాళ్లు కట్టే పని మాది. ఆ హాలులో మీతో తెలుగు మాట్లాడే వాళ్లు ఎంత మంది? సూపర్‌వైజరు హిందీ, కరెంటు పనివాడు కన్నడం, ఆఫీసు కౌంటర్లో ఇంగ్లీషు. అందరికీ తెలిసినవి మాత్రం ఈ మాటలే. ‘కట్టిన అంగడి కావాలి’ అంటే ఎవరికీ అర్థం కాదు, ‘షెల్’ అంటే ఒరియా హెల్పరు కూడా తలూపుతాడు. మాట మారిస్తే మనవాళ్లు ఫారంలో ఒకటి నేర్చుకొని, హాలులో ఇంకొకటి విని, రెండింటి మధ్య నలిగిపోతారు.

కొత్తవాళ్ల కోసం ఉన్నదున్నట్టు చెప్తా. షెల్ స్కీమ్ అంటే అల్యూమినియం కమ్మీల మధ్య తెల్ల ప్యానెళ్లు బిగించి కట్టి ఇచ్చే స్టాలు. ఒక్కో ప్యానెల్ మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. మామూలుగా మూడు మీటర్లకు మూడు, అంటే 9 చదరపు మీటర్లు. దాంట్లో కింద కార్పెట్, ఒక టేబులు, రెండు కుర్చీలు, రెండు మూడు స్పాట్ లైట్లు, ఒక ప్లగ్ పాయింటు, ముందు పైన పేరు పట్టీ ఉంటాయి. ఆ పేరు పట్టీనే ఫేషియా. ఎన్ని లైట్లు, ఎన్ని కుర్చీలు అనేది ఒక్కో ఎగ్జిబిషన్లో ఒక్కో రకం, అది పుస్తకంలో రాసి ఉంటుంది. బేర్ స్పేస్‌నే కొందరు రా స్పేస్ అంటారు. దానికి డిజైను ముందే పంపి ఒప్పించుకోవాలి, పక్క స్టాలు వైపు కనబడే గోడ వెనక కూడా మీరే నున్నగా చేయాలి, కరెంటు కిలోవాట్ల లెక్కన కొనాలి. కట్టేటప్పుడు కోత మిషన్లకు కావల్సిన కరెంటు కూడా వేరే, దాన్ని టెంపరరీ పవర్ అంటారు.

ఇవి నేర్చుకోవడం ఒక సాయంత్రం పని.

ధర్మవరం మగ్గం

అన్నా, ఆ సాయంత్రం ఎవరు కూర్చోబెట్టి చెప్తారు? మాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ, నేను పట్టుచీరలు తీసుకొని పోయినాం. ఫేషియా ఫారం అని ఒకటి మెయిల్‌కు వచ్చిందంట, ఫలానా తేదీలోగా నింపాలంట. అది ఏం ఫారమో తెలియక వదిలేసినాం. పోయి చూస్తే పట్టీ మీద మా మగ్గం పేరు లేదు, బుకింగ్‌లో ఉన్న మా నాయన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. చీరలమ్మే అంగడి అని తెలిసే గుర్తే లేదు పైన. మార్చమంటే చార్జీ కట్టమన్నారు.

ఇంకోటి. మేము పోతూ పోతూ గుండుసూదులు, చిన్న మేకులు తీసుకపోయినాం, ఇంట్లో పెళ్లికి పందిట్లో చీరలు కట్టినట్టు గోడకు కడదామని. ఆ ప్యానెల్‌కు మేకు కొట్టకూడదు, గీత పడితే ప్యానెల్ ఖరీదు కట్టించుకుంటారు. పై కమ్మీకి కొక్కేలు తగిలించి దారంతో వేలాడదీయాలి. అమ్మ ఒక్కో చీరను కుచ్చిళ్లు పోసి, కొంగు ముందుకు వచ్చేట్టు సర్దుతూ మధ్యాహ్నం దాకా నిలబడే ఉంది. ‘డ్యామేజ్ టు ప్యానెల్స్ చార్జబుల్’ అనే లైను పుస్తకంలో 31వ పేజీలో ఉందని తరువాత చూసినా. నేను డిగ్రీ చదివినా. నాకే అది కనపడలేదంటే మా వీధిలో మగ్గం మీద కూర్చునే వాళ్ల సంగతి ఏంది?

నేను తాడిపత్రి అన్న వైపే.

కడప లెక్కలు

నాది ఆడిటు పని. ఇంకో కోణం చూడండి. ఫారం అంటే ఒప్పంద పత్రం. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి ఉండి మాటకు మాట తేడా వస్తే ఏది చెల్లుతుంది? ‘ఖాళీ జాగా’ అని తెలుగులో ఉంది, ఖాళీ అంటే దోవ కూడా కలిపేనా అని ఒకాయన వాదిస్తాడు. తెలుగు ప్రతి చివర ‘తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లును’ అని ఒక లైను వేస్తారు. అప్పుడు మీ తెలుగు ప్రతికి విలువెంత?

డబ్బు దగ్గర జాగ్రత్త. మీటరు రేటు మీద 18 శాతం జీఎస్టీ వేరే ఉంటుంది, కోట్ చేసేటప్పుడు చాలామంది నోటితో చెప్పరు. ఒక చదరపు మీటరు 10.76 చదరపు అడుగులు. 9 చదరపు మీటర్ల స్టాలు అంటే 97 చదరపు అడుగులు కూడా నిండదు. అడుగుల్లో బండలు అమ్మే మనవాళ్లు మీటరు రేటు విని అడుగు రేటుతో పోల్చుకొని మోసపోతారు. మూలన రెండు పక్కలా తెరిచి ఉండే కార్నర్ స్టాలుకు పైన ఇంకొంత శాతం వేస్తారు.

వేరే రాష్ట్రంలో స్టాలు దగ్గరే అమ్మకం చేసేవాళ్లకు ‘క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్’ అనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. అమ్మకం మొదలయ్యే ముందు కనీసం 5 రోజులుండగా అప్లై చేయాలి, రావచ్చనుకున్న పన్ను ముందే జమ చేయాలి, 90 రోజుల దాకా చెల్లుతుంది. చేతివృత్తుల సరుకుకు ఒక హద్దు దాకా ఈ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. ధర్మవరం చెల్లెలు తన సరుకు దాంట్లోకి వస్తుందా అని ఆడిటరును ముందే అడగడం మంచిది. ఇట్లాంటి మాటను మీరు తెలుగు చేసి ‘తాత్కాలిక పన్నుదారు’ అంటే జీఎస్టీ పోర్టల్‌లో ఆ పేరుతో ఏమీ దొరకదు.

తాడిపత్రి పాలిష్

కడప అన్నా, చట్టం మాట జోలికి నేను పోవడం లేదు. అది పోర్టల్‌లో ఎట్లుంటే అట్లనే ఉండనీ. నేను అడిగేది జాగా, గోడ, కరెంటు, మోత కూలి.

మనకు ఈ వ్యవహారం కొత్తనా? సంతలో అంగడి పెట్టుకునేవాడు ఆశీలు కడతాడు. ఆశీలు కడితే నేల దొరుకుతుంది, గుంజలు, పట్ట, దీపం నీవే అని చదువురాని వాడికి కూడా తెలుసు. తిరణాలలో జాగాలు వేలం పాడుకునేటప్పుడు రథం తిరిగే మూల మీద అంగడి ఎక్కువకు పోతుందని తెలుసు, అదే కదా మీ కార్నర్ స్టాలు. నాలుగు దిక్కులా దోవ ఉండే ఐలాండ్ స్టాలును నడిమి అంగడి అంటే ఎవరికి అర్థం కాదు? మన దగ్గర ఇయ్యన్నీ ఉన్నాయి. ఉన్న మాటను వదిలేసి, లేని మాట నేర్చుకోకపోవడం మన తప్పు అంటే ఎట్ల?

మా నాయనకు ‘బేర్ స్పేస్’ అంటే తెలియలేదు. ‘ఆశీలు మాత్రమే కట్టినాం నాయనా, పందిరి మనదే’ అని ముందే చెప్పి ఉంటే ఇంటికాడే పదహారు గుంజలు లారీలో వేసేవాడు.

అనంతపురం ఎగుమతి

ఒక మాట కలుపుతా. అందరికీ ఒకటే మాట ఉంది, అది ఇంగ్లీషు మాట అని కర్నూలు తమ్ముడు అనుకుంటున్నాడు. అట్ల లేదు. ఇండియాలో స్టాలు అంటాం, ఇంగ్లండు వాళ్లు స్టాండ్ అంటారు, అమెరికాలో బూత్. షెల్ స్కీమ్ అనేది ఇంగ్లండు వాడుక. అమెరికాలో చాలా చోట్ల చిన్న బూత్ అంటే ఇనుప గొట్టాలకు గుడ్డ వేలాడదీసి ఇస్తారు, దాన్ని పైప్ అండ్ డ్రేప్ అంటారు. మా గ్రానైట్ శాంపిళ్లతో పోయినప్పుడు తెల్ల గోడలు ఉంటాయనుకున్నాం. నల్ల గుడ్డ ఉంది. దానికి రాయి ఎట్ల ఆనిస్తాం?

అక్కడ ‘డ్రేయేజ్’ అని ఒక మాట ఉంది. డ్రే అంటే బరువులు లాగే పొట్టి బండి. షిప్పింగుకు మీరు ఎంత కట్టినా సరే, హాలు వెనక సరుకు దింపే చోటు నుంచి మీ బూత్ దాకా మోసినందుకు, ఖాళీ పెట్టెలు దాచినందుకు, మళ్లీ బయటికి తెచ్చినందుకు వేరే బిల్లు. అది వంద పౌండ్ల లెక్కన, అంటే సుమారు 45 కిలోలకు ఇంత అని వేస్తారు. రాతి వ్యాపారికి ఇది పెద్ద దెబ్బ. శాంపిళ్లు తిరిగి తెచ్చుకునే వాళ్లు ఏటీఏ కార్నే అనే కాగితం తీసుకుంటే కస్టమ్స్ దగ్గర సుంకం కట్టకుండా తీసుకపోయి తేవచ్చు, మన దేశంలో దాన్ని ఫిక్కీ అనే వ్యాపార సంఘాల సమాఖ్య ఇస్తుంది.

మాట ఊరూరికీ మారుతుంది. తెలుగులో ఉండాల్సింది ఆ మాట వెనక ఏం వస్తుంది, ఏం రాదు అనే సంగతి.

కర్నూలు ఆక్టా

ఎగుమతి అన్న చెప్పింది నిజమే, స్టాండ్, బూత్ సంగతి నేను అనుకోలేదు. ఆశీలు పోలిక కూడా బాగుంది, నా దగ్గరికి వచ్చే కొత్త పార్టీలకు ఇంక అట్లనే చెప్తా. అయినా ఒక దగ్గర మాత్రం ఒప్పుకోను. షెల్, ఫేషియా అనే మాటలు ఫారంలోంచి తీసేయకండి. మా పిల్లోడు హాలులో ‘ఫేషియా ఎక్కడ’ అని అడిగితే ఆ చెల్లెలు ‘ఇదీ’ అని చూపియ్యగలగాలి. మాట ఉంచి, పక్కనే మన మాటలో విప్పి చెప్పాలి. ‘పేరు పట్టీ’ అని ఒక్కటే రాస్తే మళ్లీ మేము ఇద్దరం మొహాలు చూసుకుంటాం.

ఇంకో మాట, ఫుట్‌ఫాల్. ‘ఇంత మంది వస్తారు’ అని బ్రోచరులో వేస్తారు కదా, అది మనుషుల లెక్కా, రాకల లెక్కా అని అడగండి. ఒకే మనిషి మూడు రోజులు గేటు దాటితే రాకలు మూడు, మనిషి ఒక్కడే. బాడుగ ఎక్కువ చెప్పేది ఆ అంకె చూపించే.

కడప లెక్కలు

మాట ఉంచి పక్కన వివరం రాయడానికి నాకు అభ్యంతరం లేదు. అది ఒప్పందంలో భాగం కాదు కాబట్టి గొడవ రాదు. కానీ వివరం ఎగ్జిబిషన్ వాళ్లు రాసి ఇయ్యాలి, ఏజెంటు నోటి మాట కాదు.

ధర్మవరం మగ్గం

అదే అన్నా అడుగుతున్నది. రాసి ఇయ్యమనే. మా అమ్మ తెలుగు బాగా చదువుతుంది. పేపరు మొత్తం చదువుతుంది రోజూ. ఆమె చేతికి చదవగలిగే కాగితం ఎవరూ ఇయ్యలేదు, అదీ నా కోపం.

తోలుబొమ్మ నిమ్మలకుంట

మీరందరూ ఇట్ల మాట్లాడుకుంటుంటే మా ఫారం తీసి ముందు పెట్టుకున్నా. మేము తోలుతో దీపాల గూళ్లు చేస్తాం. మేకతోలు నానబెట్టి, గీకి, ఆరబెట్టి, రంగులేసి, చిన్న ఉలితో చిల్లులు పొడుస్తాం. లోపల బల్బు వెలిగితేనే బొమ్మ కనిపించేది, ఆర్పి పెడితే మామూలు తోలే. షెల్ స్కీమ్ తీసుకున్నాం. ‘అడిషనల్ పవర్ లోడ్’ అని ఒక గడి ఉంది, కిలోవాటుకు ఇంత అని రేటు వేసినారు. ఇరవై దీపాలు పెడతాం. ఎన్ని కిలోవాట్లు రాయాలి? ఏజెంటు రెండు రాయమన్నాడు.

కర్నూలు ఆక్టా

బల్బులు ఏ రకం? 9 వాట్ల ఎల్‌ఈడీలైతే ఇరవైకి 180 వాట్లు. కిలోవాటు అంటే 1000 వాట్లు. మీ షెల్‌లో వచ్చే ప్లగ్ పాయింటే సరిపోవచ్చు. పుస్తకంలో ఆ పాయింటు ఎన్ని ఆంప్సో, ఎన్ని వాట్ల దాకా వాడుకోవచ్చో రాసి ఉంటుంది, ఒకసారి చూడు తమ్ముడూ. 5 ఆంప్స్ అని ఉంటే చాలు. రెండు కిలోవాట్లు కొనాల్సిన పని లేదు. పాత పసుపు బల్బులు 60 వాట్లవి పెడితే మాత్రం ఇరవైకి 1200 అవుతుంది, అప్పుడు కొనాలి. ఎట్లైనా తోలు పక్కన వేడి బల్బు వద్దు. మంచి వైరు, మల్టీ ప్లగ్గు ఇంటి నుంచే తెచ్చుకో, హాలులో బాడుగకు తీసుకుంటే ఎక్కువ.

తోలుబొమ్మ నిమ్మలకుంట

ఎల్‌ఈడీలే అన్నా. పుస్తకంలో 5 ఆంప్స్ అనే ఉంది, ఇప్పుడే చూసినా. ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నా. ఫేషియా ఫారం కూడా ఉంది లోపల, రేపటికి ఆఖరు తేదీ. ధర్మవరం అక్క చెప్పకపోయి ఉంటే మేమూ వదిలేసేవాళ్లమే.

తాడిపత్రి పాలిష్

తమ్ముడూ, పట్టీ మీద మీ ఊరి పేరు కూడా రాయించు. అక్షరాలు ఎన్ని పడతాయో గడులు లెక్కబెట్టుకో, తెలుగులో వేస్తారా అని కూడా అడుగు.